ఒక్కపొద్దుంటే లివర్‌లో వైరస్ పోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది నాగర్‌కర్నూల్ జిల్లా. మా ఆయనకు 41 ఏళ్లు, పల్లీల వ్యాపారం. రెండేళ్ల కింద హెర్నియా ఆపరేషన్ చేయించబోతే, ముందు చేసే రక్తపరీక్షలో హెపటైటిస్ బి పాజిటివ్ అని తేలింది. లివర్ కొంచెం గట్టిపడిందని కూడా అన్నారు. అప్పటినుంచి రోజూ ఒక టెనోఫోవిర్ గోలి వేసుకుంటున్నారు. ఈమధ్య ఆయన ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. ఉపవాసం ఉంటే ఒంట్లో కణాలు తమ చెత్తను తామే తినేస్తాయట, దాన్ని ఆటోఫజీ అంటారట, దీన్ని కనిపెట్టిన జపాన్ ఆయనకు నోబెల్ కూడా ఇచ్చారట. 21 రోజులు నీళ్లమీద ఉంటే లివర్‌లో వైరస్‌ను కూడా కణాలే తినేస్తాయట. ఇప్పుడు వారంలో మూడు రోజులు ఏమీ తినడం లేదు. శివరాత్రి ఒక్కపొద్దుతో 21 రోజులు మొదలుపెట్టి గోలీలు ఆపేస్తానంటున్నారు. మా మేనమామకు హెపటైటిస్ సి ఉండె, మూడు నెలలు మందు వాడితే పోయింది. "మీ మామది పోయింది, నాది ఎందుకు పోదు? ఈ డాక్టర్లు జీవితాంతం గోలీలు మింగిస్తరు" అని కోపానికొస్తున్నారు. నాకు, ఇద్దరు పిల్లలకు ఇంకా ఏ పరీక్షా చేయించలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పి ఆపాలి? శివరాత్రికైనా ఒక్కపొద్దు ఉండొచ్చా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం, ముందు గోలి సంగతి. మీ ఆయన సొంతంగా ఆ గోలి ఆపకూడదు. ఒక్క వారం కూడా. టెనోఫోవిర్ ఆపేసినవాళ్లలో కొందరికి, కొన్ని వారాలకో నెలలకో, అప్పటిదాకా అణిగి ఉన్న వైరస్ ఒక్కసారిగా లేస్తుంది. లివర్ వాస్తుంది, కామెర్లు వస్తాయి. లివర్ బాగున్న మనిషి ఆ దెబ్బకు తట్టుకుని నిలబడొచ్చు. ఇప్పటికే గట్టిపడ్డ లివర్‌కైతే అది ప్రాణం మీదికి రావచ్చు.

నేను పాలమూరులో పనిచేసే రోజుల్లో అచ్చంపేట దిక్కు నుంచి ఒక పెద్దమనిషిని తీసుకొచ్చారు. కళ్లు పసుపు పూసినట్టున్నాయి, కడుపు నీరు పట్టి బిర్రుగా ఉంది. ఆయన కోడలు చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో గోలీల డబ్బా. మూత కింద ఉండే వెండి రంగు సీలు కూడా చింపలేదు. నాలుగు నెలల కింద రాసిచ్చిన మందు అది. పసరు పోసేటాయన "ఇంగ్లీషు మందు కలిస్తే నా పసరు పనిచేయదు" అన్నాడట. ఆయన్ను హైదరాబాద్ పంపించాను. ఇంటికి తిరిగి రాలేదు. మీ ఆయన్ని బెదిరించడానికి చెప్పడం లేదు, ఆ సీలు చింపని డబ్బా ఇప్పటికీ నా కళ్లముందు ఉంది కాబట్టి చెప్తున్నాను.

ఇక ఆ వీడియో. పూర్తి అబద్ధమైతే మీ ఆయన లాంటి లెక్క తెలిసిన మనిషి నమ్మకపోయేవాడు. అందులో సగం నిజం ఉంది. ఆటోఫజీ నిజమే. 1963లో బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియాన్ డి డ్యూవ్ ఆ పేరు పెట్టాడు, తనను తాను తినడం అని అర్థం. ఇంకో విశేషం, దీన్ని మొదట్లో కళ్లారా చూసినవాటిలో ఎలుకల లివర్ కణాలు కూడా ఉన్నాయి. జపాన్‌కు చెందిన యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ వచ్చిన మాటా నిజమే. అయితే ఆయన మనుషులను పస్తులుంచి జబ్బులు నయం చేయలేదు. ఆయన పస్తులుంచింది ఈస్ట్ అనే సూక్ష్మజీవిని. మన ఈత చెట్ల మీద కుండలో కల్లు పులిసేది ఏ రకం ఈస్ట్‌తోనో, అదే జాతి. దానికి తిండి లేకుండా చేసి మైక్రోస్కోప్ కింద చూస్తే, కణం తన లోపలి ముక్కలను మూటలు కట్టుకుని అరిగించుకునే చోటికి చేరవేయడం కనిపించింది. ఆ పనిని నడిపే జన్యువులు ఏవో 1990లలో ఒక్కొక్కటిగా పట్టుకున్నాడు. నోబెల్ వచ్చింది దానికి. నీళ్లమీద 21 రోజులు ఉండమని ఆయన ఎక్కడా చెప్పలేదు. వీడియో చేసినాయనే ఆ జపాన్ పెద్దమనిషి భుజం మీద తుపాకి పెట్టి కాల్చాడు.

మీ ఆయన వ్యాపారి కాబట్టి సరుకు, బండి లెక్కలో చెప్తాను, ఇది ఆయనకు చదివి వినిపించండి.

మన గల్లీల్లో మైకు పెట్టుకుని ఆటో వస్తుంది కదా, "పాత ఇనుప సామాన్లు కొంటాం" అంటూ. విరిగిన కుర్చీ, తుప్పు పట్టిన బకెట్, పనికిరాని మోటర్ ఎత్తుకుపోతుంది. ఆ తుక్కు షాద్‌నగర్, కొత్తూరు దిక్కు ఫ్యాక్టరీలకు చేరి, కొలిమిలో కరిగి, మళ్లీ ఇనుప కడ్డీ అయి వస్తుంది. కణంలో జరిగేదీ ఇంతే. పాడైన ప్రోటీన్లు, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాల్లో పనిచేయనివి, వీటి చుట్టూ ముందు ఒక పల్చని పొర లేస్తుంది, మెల్లగా చుట్టుకుని రెండు పొరల సంచిలా మూసుకుంటుంది. అది ఆటో. ఆ సంచి వెళ్లి లైసోజోమ్ అనే యాసిడ్ తిత్తిలో కలిసిపోతుంది. అది కొలిమి. లోపలి సరుకు ముక్కలై కరిగి, కణానికి మళ్లీ ముడిసరుకు అవుతుంది. తిండి దొరకనప్పుడు ఈ ఆటోలు ఎక్కువ తిరుగుతాయి. ఎలుకను రెండు రోజులు పస్తుంచితే దాని లివర్‌లో ప్రోటీన్ సుమారు మూడో వంతు ఇలా కరిగిపోతుంది. అంతవరకు వీడియో కరెక్టే.

వీడియోలో చెప్పనిది ఇక్కడినుంచి మొదలవుతుంది. ఆటో తిరుగుతోంది కాబట్టి ఇంట్లో దూరిన దొంగను కూడా ఎత్తుకుపోతుంది అనుకున్నారు. హెపటైటిస్ బి వైరస్ విషయంలో ఆ దొంగే ఆటోను కిరాయికి తీసుకున్నాడు.

ఈ వైరస్ చాలా చిన్నది. మన డీఎన్ఏలో 300 కోట్ల అక్షరాలుంటే దానికున్నవి దాదాపు 3,200, జన్యువులు నాలుగే. అంత చిన్న సంసారంలో కూడా ఎక్స్ అనే ఒక ప్రోటీన్‌ను పెట్టుకుంది, దాని పనుల్లో ఒకటి ఈ ఆటోల మీద పెత్తనం. ఆ ఎక్స్ ప్రోటీన్ వెళ్లి, ఆటోను బయల్దేరదీసే ఒక ఎంజైమ్‌ను పట్టుకుని దాని వేగం పెంచుతుందని 2010లో అమెరికాలో ఒక బృందం చూపించింది. అందులో నాకు బాగా నచ్చిన ముక్క ఇది: ఆటోలు పెరిగాయి, కొలిమిలో కరిగిన సరుకు మాత్రం పెరగలేదు. అంటే బండ్లు బయల్దేరుతున్నాయి, కొలిమి దగ్గర పని జరగడం లేదు. తర్వాత ఇంకొందరు చూస్తే, అదే ఎక్స్ ప్రోటీన్ లైసోజోమ్‌లో యాసిడ్ నింపే పంపును కూడా దెబ్బతీస్తోంది. ఒక చేత్తో ఆటో స్టార్ట్ చేసి, ఇంకో చేత్తో కొలిమి మంట తగ్గించినట్టు. మధ్యలో ఆగిన ఆటోలు ఎందుకు పనికొస్తాయి? వైరస్ తన డీఎన్ఏ కాపీలు చేసుకోవడానికి. ఎలుకల లివర్‌లో ఈ ఆటో కట్టడానికి కావాల్సిన ఒక జన్యువును తీసేసి చూశారు, వైరస్ డీఎన్ఏ బాగా పడిపోయింది. దొంగకు బండి దొరకలేదు, సరుకు తయారు కాలేదు.

మరి పస్తుంటే ఏమవుతుంది? మీ ఇంట్లో గొడవంతా దీని గురించే కదా. 2011లో ల్యాబ్‌లో హెపటైటిస్ బి ఉన్న లివర్ కణాలకు తిండి ఆపి చూస్తే వైరస్ తగ్గలేదు, పెరిగింది. అంతకు ముందే, 2006లో, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఈ వైరస్ జన్యువులు ఎక్కించిన ఎలుకలను పస్తుంచారు. వైరస్ జన్యువుల పని జోరందుకుంది. మళ్లీ మేత పెడితే తగ్గింది. దానికి కారణం ఆటోలు కావు, వేరే ఉంది. పస్తున్నప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా లివర్ సొంతంగా చక్కెర తయారుచేసుకోవాలి. ఆ పని మొదలుపెట్టే స్విచ్ ఒకటి ఉంది. వైరస్ తన జన్యువుల తీగను ఆ స్విచ్‌కే తగిలించుకుంది. ఇంటాయన ఆకలితో లైటు వేసుకుంటే పక్కింటి మోటర్ నడిచినట్టు.

ఇవి ఎలుకలు, గాజు పళ్లేల్లో కణాలు. మీ ఆయన పస్తుంటే కచ్చితంగా వైరస్ పెరుగుతుందని దీన్నిబట్టి నేను చెప్పలేను, చెప్తే నేనూ ఆ వీడియో చేసినాయన లాంటివాణ్నే అవుతాను. ఇంకో పక్షం కూడా ఉంది. కొన్ని ప్రయోగాల్లో ఆటోఫజీ చివరిదాకా నడిచి, కొలిమి సరిగ్గా మండినప్పుడు వైరస్ ముక్కలు అందులో పడి కరిగాయి కూడా. కత్తికి రెండు వైపులా పదునే. అలాంటి కత్తిని వంటింట్లో సొంతంగా తిప్పుకునే పని పెట్టుకోవద్దంటున్నాను.

ఇది విని మీ ఆయన ఎదురు ప్రశ్న వేస్తారు, నాకు తెలుసు: "అట్లయితే ఆ ఆటోలనే బంద్ చేసే మందు ఇవ్వొచ్చు కదా?" మంచి ప్రశ్నే. మలేరియాకు వాడే క్లోరోక్విన్ ఆ పనే చేస్తుంది, లైసోజోమ్ కొలిమిని చల్లారుస్తుంది. కానీ పుట్టుకనుంచీ లివర్‌లో ఆటోఫజీ లేకుండా చేసిన ఎలుకలకు లివర్ ఉబ్బి, చెడిపోయిన ప్రోటీన్ గుట్టలు పడి, తర్వాత గడ్డలు వచ్చాయి. తుక్కు ఎత్తకపోతే ఇల్లే చెత్తకుప్ప అవుతుంది. కాబట్టి మెడికల్ షాపుకు పోయి క్లోరోక్విన్ తెచ్చుకునే ఆలోచన కూడా వద్దు. ఆటోఫజీని పెంచో తగ్గించో హెపటైటిస్ బి నయం చేసే వైద్యం ఇవాళ ఏ ఆస్పత్రిలోనూ లేదు.

ఇప్పుడు మీ మేనమామ సంగతి. మీ ఆయన కోపంలో అన్నా, అది అడగాల్సిన ప్రశ్నే. పేరులో ఒక్క అక్షరమే తేడా, వైరస్‌లు మాత్రం చుట్టాలు కూడా కావు. హెపటైటిస్ సి వైరస్‌కూ ఈ ఆటో కావాలి. కణంలోకి కొత్తగా దిగినప్పుడు దాని ఆర్ఎన్ఏ, అంటే డీఎన్ఏకు బదులు దానికుండే జన్యు పదార్థం, పని మొదలుపెట్టడానికి ఆటోఫజీ సామాను అవసరమని 2009లో తేలింది. అది కూడా ఆటోలను కొలిమిదాకా పోనివ్వకుండా నడిమధ్యలో నిలబెడుతుంది, ఆ చాటున మన ఒంటి కాపలా సిగ్నల్స్‌ను అణుస్తుంది. ఇక్కడిదాకా ఇద్దరు దొంగలదీ ఒకే దారి. తేడా ఎక్కడంటే, హెపటైటిస్ సి తన ఆర్ఎన్ఏతో కణం గదుల్లోనే తిరుగుతుంది, కణం కేంద్రకం అనే బీరువా జోలికి పోదు. దాని కాపీ మిషన్‌ను సోఫోస్బువిర్ లాంటి మందుతో ఆపేస్తే, ఉన్న ఆర్ఎన్ఏ కరిగిపోతుంది, కొత్తది పుట్టదు, కథ అయిపోతుంది. 12 వారాల మందుతో నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. 1989దాకా పేరు కూడా లేని వైరస్ ఇది. మీ మేనమామ అదృష్టవంతుడు. ఆయన్ను నయం చేసింది ఉపవాసం కాదని మాత్రం మీ ఆయనకు గుర్తుచేయండి.

హెపటైటిస్ బి అట్లా కాదు. అది లివర్ కణం కేంద్రకంలోకి, అంటే మన సొంత డీఎన్ఏ ఉండే బీరువాలోకి దూరి, అక్కడ తన డీఎన్ఏను గుండ్రని గాజులా మూసుకుని దాచిపెడుతుంది. ఇంటి దస్తావేజుల మధ్య దొంగ పట్టా పెట్టినట్టు. ఆ పట్టా ఉన్నంతకాలం దాన్ని చూసి కొత్త కాపీలు పుడుతూనే ఉంటాయి. టెనోఫోవిర్ ఏం చేస్తుందంటే, కాపీలు అచ్చయ్యే చోట సిరా అందకుండా చేస్తుంది. రక్తంలో వైరస్ దాదాపు కనబడనంతగా తగ్గిపోతుంది, లివర్‌కు ఊపిరి అందుతుంది, గట్టిపడ్డ లివర్ కొన్నేళ్లలో కొంత మెత్తబడటం కూడా చూస్తున్నాం. అయినా బీరువాలో పట్టా అట్లాగే ఉంటుంది. అందుకే ఏండ్లకేండ్లు వాడమనేది. ఆటోఫజీ ఆటో గల్లీల్లో తిరిగే బండి, బీరువా తెరిచి ఆ పట్టాను బయటికి తీసే బండి కాదది. 21 రోజులు కాదు, 40 రోజులున్నా అంతే. గోలీలు అమ్ముకునే డాక్టర్ల గురించి ఆయన అన్న మాటకు నేనేమీ బాధపడలేదు, అట్లాంటివాళ్లను నేనూ చూశాను. కానీ ఈ గోలి విషయంలో ఆ అనుమానం తప్పు. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జులై 28న మొదలైంది, దాని కింద హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు సర్కారు దవాఖానల్లో ఉచితం. మీకు దగ్గరలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి పోయి, హెపటైటిస్ కార్యక్రమం కింద రాయించుకోవాలని అడగండి. పాత రిపోర్టులన్నీ తీసుకుపోండి, ముఖ్యంగా వైరస్ డీఎన్ఏ లెక్క, లివర్ ఎంత గట్టిపడిందో చూపే ఫైబ్రోస్కాన్ కాగితం.

గట్టిపడ్డ లివర్‌తో పస్తులుండటంలో ఇంకో నష్టం ఉంది, ఇది ల్యాబ్ సంగతి కాదు, మేం రోజూ చూసేది. మామూలు లివర్ పగలు తిన్నదాంట్లో కొంత చక్కెరను గ్లైకోజెన్‌గా దాచుకుని రాత్రంతా ఒంటికి పంచుతుంది. గట్టిపడ్డ కొద్దీ ఆ గల్లాపెట్టె చిన్నదవుతుంది. పస్తుంటే తొందరగా ఖాళీ అయి, ఒళ్లు కండను కరిగించి చక్కెర చేసుకుంటుంది. లివర్ బాగా గట్టిపడ్డవాళ్లకు మేమైతే రాత్రి పడుకునే ముందు కూడా ఇంత తిని పడుకోమంటాం, ఒక జొన్నరొట్టె ముక్కో, పాలో, ఉడికించిన గుడ్డో. అట్లాంటి చోట వారానికి మూడు రోజుల పస్తు అంటే భుజాల మీది, తొడల మీది కండను లివర్ చేతికిచ్చి తినమన్నట్టే. ఇక 21 రోజులు నీళ్లమీద ఉండటం ఆరోగ్యవంతుడికే ప్రమాదం, మళ్లీ తినడం మొదలుపెట్టిన రోజుల్లో రక్తంలో లవణాలు తారుమారై గుండె లయ తప్పొచ్చు. ఇది వద్దంటే వద్దు. పొట్ట ఉండి, లివర్‌లో కొవ్వు కూడా ఉంటే బరువు తగ్గడం మంచిదే, దానికి రాత్రి అన్నం కొంచెం తగ్గించడం, నడవడం చాలు.

కల్లు గురించి మీరు రాయలేదు, నేను అడగక తప్పదు. తాగుతుంటే పూర్తిగా మానాలి, ఈతకల్లయినా సరే. "చెట్టుకల్లు ఆరోగ్యమే సారూ" అని పాలమూరు జిల్లాలో నాకు చెప్పని పేషెంట్ లేడు. ఎక్కువ కాలం ఆల్కహాల్ తాగితే లివర్‌లో ఆ లైసోజోమ్ కొలిమి పని కుంటుపడుతుంది. వైరస్ ఇప్పటికే మంట తగ్గిస్తున్న చోట మనం కూడా నీళ్లు పోసినట్టు.

మీ ఉత్తరంలో ఆటోఫజీ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకో మాట. "పల్లీల వ్యాపారం." మీ దిక్కు యాసంగి పల్లీ వచ్చినప్పుడు మిల్లు దగ్గర ఆడవాళ్లు కూర్చుని గింజలు ఏరడం నేను చూశాను. మంచివి సంచుల్లోకి పోతాయి. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, పచ్చటి బూజు పట్టినవి పక్కకు పడతాయి. ఆ పక్కన పడ్డవాటిని పారేయడానికి మనసొప్పక ఇంటికి తెచ్చి చట్నీకి, కారప్పొడికి వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. కొందరు గానుగకు ఇస్తారు. మీ ఇంట్లో అట్లా జరుగుతుందని నేననను. జరిగితే మాత్రం ఇవాళే ఆపండి. ఆ బూజు వదిలే విషాన్ని అఫ్లటాక్సిన్ అంటారు. వేయించినా పూర్తిగా పోదు, పొట్టు తీసినా పోదు. గానుగలో ఆడించి అట్లాగే వాడుకునే నూనెలోకి కూడా కొంత వస్తుంది. షాంఘైలో 18 వేలమందికి పైగా మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఒకటుంది. ఆ విషం మాత్రమే ఒంట్లోకి పోయినవాళ్లకు లివర్ క్యాన్సర్ ముప్పు మామూలు కన్నా సుమారు 3 రెట్లు, హెపటైటిస్ బి మాత్రమే ఉన్నవాళ్లకు 7 రెట్లు. రెండూ కలిసినవాళ్లకు 60 రెట్లకు దగ్గరగా. మూడూ ఏడూ కలిస్తే పది కావాలి కదా. ఈ లెక్క మీ ఆయనకు ఏ డాక్టర్ కన్నా బాగా అర్థమవుతుంది. పల్లీలు తినడం మానక్కర్లేదు, గట్టిగా నిండుగా ఉన్న గింజ, బాగా ఆరినది, తడి తగలకుండా దాచినది తినండి. కొరికితే చేదు తగిలిన గింజను ఉమ్మేయండి. అలాగే ఆరు నెలలకొకసారి లివర్ స్కానింగ్, దానితోపాటు ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష చేయిస్తూ ఉండాలి, వైరస్ లెక్క తగ్గినా సరే.

మీరు, పిల్లలు. ఇది ఈ వారంలోనే చేయించండి. హెచ్‌బీఎస్ ఏజీ అనే పరీక్షతో మొదలవుతుంది, దానితోపాటు ఒంట్లో రక్షణ ఉందో లేదో చూసే యాంటీబాడీ పరీక్ష. వైరస్ లేకపోయి, రక్షణ కూడా లేకపోతే టీకా మూడు డోసులు: ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. పిల్లల టీకా కార్డులు వెతికి పెట్టుకోండి, చిన్నప్పుడే వేసి ఉండొచ్చు. ఈ టీకా ఒకప్పుడు విదేశాల నుంచే వచ్చేది, మామూలు మనిషి కొనే ధర కాదు. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలో మొదటిసారి ఇలాంటి టీకా తయారుచేశాక ధర నేలకు దిగింది. దాన్ని చేసింది కూడా ఒక రకం ఈస్ట్ కణాల్లోనే, ఓసుమి ఈస్ట్‌కు చుట్టమనుకోండి.

ఇంట్లో ఆయన పళ్లెం, గ్లాసు వేరు పెట్టకండి. ఒకే కంచంలో తిన్నా, పిల్లలను ముద్దు పెట్టుకున్నా ఈ వైరస్ అంటదు. రక్తం ద్వారా, శారీరక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు అంటుతుంది. కాబట్టి ఆయన షేవింగ్ బ్లేడు, టూత్ బ్రష్, గోర్లు తీసేది మాత్రం వేరుగా ఉండాలి. ఎండిన రక్తం చుక్కలో కూడా ఈ వైరస్ వారం దాకా బతికి ఉంటుంది. మీ పరీక్షలు, టీకా పూర్తయ్యేదాకా నిరోధ్ వాడండి.

మీరు అడగకపోయినా చాలామంది భార్యల మనసులో ఉండే ప్రశ్న ఒకటుంది: ఇది ఆయనకు ఎక్కడినుంచి వచ్చింది? దాని మీద ఇంట్లో అనుమానాలు పెట్టుకోకండి. పెద్దయ్యాక అంటితే నూటికి 95 మందిలో వైరస్ దానంతటదే పోతుంది. పుట్టినప్పుడు అంటితే నూటికి 90 మందిలో ఉండిపోతుంది. మీ ఆయనకు 41 ఏళ్లకు లివర్ గట్టిపడిందంటే అది కాన్పులోనో చిన్నతనంలోనో వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. నా చిన్నప్పుడు మా ఊరి సూది డాక్టర్ దగ్గర స్టీలు డబ్బాలో ఒకే గాజు సిరంజి ఉండేది, వేడినీళ్లలో ఒక్కసారి ముంచి వరసగా పదిమందికి పొడిచేవాడు. జాతరలో పచ్చబొట్టు పొడిచేవాళ్లదీ అదే సూది, అదే సిరా. నా ముంజేతి మీదా ఒకటుంది, కురుమూర్తి జాతరలోది. నేను బతికిపోయాను. మీ ఆయన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, మీ అత్తగారికి కూడా పరీక్ష చేయించమనండి.

చివరగా శివరాత్రి. ఆయన లివర్ గట్టిపడటం ఎంతవరకు వచ్చిందో ఫైబ్రోస్కాన్ కాగితం చూసి డాక్టర్ పరవాలేదంటే, ఆ ఒక్కరోజు పండ్లు, పాలు, సాబుదాన తీసుకుంటూ ఒక్కపొద్దు ఉండొచ్చు. కాళ్లవాపు, కడుపులో నీరు, రక్తపు వాంతులు ఎప్పుడైనా వచ్చి ఉంటే అదీ వద్దు. గోలి మాత్రం ఆ రోజు కూడా వేసుకోవాలి. డబ్బా మీద టెనోఫోవిర్ పక్కన ఏముందో చదవండి. డైసోప్రాక్సిల్ అని ఉంటే ఉత్త నీళ్లతో వేసుకున్నా సరే. అలాఫెనమైడ్ అని ఉంటే కడుపులో ఏదైనా పడాలి కాబట్టి, రెండు అరటిపండ్లు, గ్లాసు పాలు ఇచ్చి ఆ వెంటనే గోలి వేయించండి.